డేటాబేస్ సర్వర్‌లో సపోర్ట్ టీమ్‌కి పరిమిత షెల్: ఆర్‌బ్యాష్ సరిపోతుందా?

కొత్త_అడ్మిన్ · సోమవారం ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఓ మధ్యస్థాయి కంపెనీ. ప్రొడక్షన్‌లో ఉబుంటు 22.04 మీద పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్ నడుస్తోంది. ఇన్నాళ్లూ ఆ సర్వర్ లాగిన్ నాకూ, మా సీనియర్‌కీ మాత్రమే ఉండేది. ఇప్పుడు సపోర్ట్ టీమ్‌లో ఆరుగురికీ, బయటి వెండార్ తరఫున ఇద్దరికీ షెల్ (సర్వర్‌లో కమాండ్లు కొట్టే లాగిన్) ఇవ్వమని మేనేజర్ గారు అంటున్నారు. "ఇవ్వు, కానీ ఎవరూ ఏమీ పాడుచెయ్యకుండా చూడు" అన్నారు.

నేను చేసింది ఇది. వాళ్ల లాగిన్ షెల్‌ని ఆర్‌బ్యాష్‌గా, అంటే ఆంక్షలున్న బ్యాష్ షెల్‌గా మార్చాను. హోమ్‌లో బిన్ అని ఒక ఫోల్డర్ పెట్టి, అందులో పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ క్లయింట్), ఎల్‌ఎస్, గ్రెప్, టెయిల్, లెస్ (ఫైల్ చూసేది), వీఐకి (ఎడిటర్) లింకులు ఇచ్చాను. లాగిన్ కాగానే చదివే బ్యాష్ ప్రొఫైల్‌లో పాత్‌ని (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) ఆ ఒక్క ఫోల్డర్‌కే కట్టేశాను. లాగిన్ అయి చూస్తే సీడీ పనిచెయ్యడం లేదు, పాత్ మార్చనివ్వడం లేదు, స్లాష్ ఉన్న కమాండ్ ఏదీ నడవడం లేదు, ఫైల్లోకి రీడైరెక్ట్ చెయ్యడమూ కుదరడం లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. ఈ వారంలో లాగిన్లు ఇచ్చెయ్యాలి. ఇది సరిపోతుందా?

పాత_టెర్మినల్ · సోమవారం ఉదయం 10:48

సరిపోదు తమ్ముడూ. మీరిచ్చిన ఆరు కమాండ్లలోనే మూడు బయటికి దారి చూపిస్తాయి.

వీఐ తెరిచి, దాని షెల్ సెట్టింగ్‌ని మామూలు బ్యాష్‌కి మార్చి, కోలన్ కొట్టి షెల్ అంటే పూర్తి బ్యాష్ వచ్చేస్తుంది. లెస్‌లో వీ అక్షరం నొక్కితే ఎడిటర్ తెరుచుకుంటుంది, మళ్లీ అదే వీఐ. ఇక పీఎస్‌క్యూఎల్‌లో \! కొట్టి బ్యాష్‌కి పూర్తి పాత్ ఇస్తే చాలు. ఆ కమాండ్‌ని నడిపేది మామూలు ఎస్‌హెచ్ కాబట్టి అక్కడ స్లాష్ నిషేధం వర్తించదు.

ఇంకొకటి. బయటినుంచి ఎస్‌ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) చేస్తూనే చివర బ్యాష్ అని కమాండ్ ఇచ్చి చూడండి. అప్పుడు ఆర్‌బ్యాష్ లాగిన్ షెల్‌గా మొదలవదు, మీ బ్యాష్ ప్రొఫైల్ చదవదు. పాత్ సిస్టమ్ ఇచ్చిందే ఉంటుంది, అందులో బ్యాష్ ఉంటుంది. పేరులో స్లాష్ కూడా అక్కర్లేదు.

హోమ్ ఫోల్డర్ యూజర్ పేరు మీదే ఉందా? ఉంటే వీఐతో బ్యాష్ ప్రొఫైల్‌నే తిరగరాసుకుంటాడు. ఆర్‌బ్యాష్ ఆంక్షలు స్టార్టప్ ఫైళ్లు చదివిన తర్వాతే అమల్లోకి వస్తాయి, కాబట్టి ఆ ఫైల్లో ఏం రాస్తే అది నడుస్తుంది.

జీటీఎఫ్‌ఓబిన్స్ అని ఒక సైట్ ఉంది. ఏ ప్రోగ్రామ్ నుంచి ఎలా షెల్‌లోకి దూకొచ్చో పేరు పేరునా రాసిపెట్టారు. మీ లిస్ట్‌లో ఉన్న ప్రతి పేరూ అక్కడ వెతకండి. ఆక్, ఫైండ్, పైథాన్ లాంటివి ఇంకా చేర్చలేదు కదా, సంతోషం.

కొత్త_అడ్మిన్ · సోమవారం ఉదయం 11:05

ఎస్‌ఎస్‌హెచ్ చివర బ్యాష్ ఇచ్చి చూశాను. నిజంగానే వచ్చేసింది! టెన్షన్ మొదలైంది. వీఐ, లెస్ తీసేసి, హోమ్‌ని రూట్ (అడ్మిన్ యూజర్) పేరు మీద పెట్టి, పీఎస్‌క్యూఎల్‌లో \! ఆపెయ్యడానికి ఏదైనా ఆప్షన్ ఉందా?

పాత_టెర్మినల్ · సోమవారం ఉదయం 11:12

పోస్ట్‌గ్రెస్‌లో యూజర్‌ని కట్టడి చెయ్యడానికంటూ లేదు. 2025 ఆగస్టు అప్‌డేట్లలో \రెస్ట్రిక్ట్ అని కొత్త కమాండ్ చేర్చారు. అది డంప్ ఫైల్‌ని రీస్టోర్ చేసేటప్పుడు లోపల దొంగచాటుగా పెట్టిన బ్యాక్‌స్లాష్ కమాండ్లు నడవకుండా చూడటానికి. కీబోర్డు ముందు కూర్చున్న మనిషిని ఆపడానికి కాదు. అయినా \! ఒక్కటి మూస్తే అయిపోదు. \ఓ తర్వాత పైప్ పెట్టి ఏ కమాండైనా నడపొచ్చు, \కాపీతో ప్రోగ్రామ్ నడపొచ్చు, \ఈ కొడితే ఎడిటర్ వస్తుంది, పొడవైన ఫలితాన్ని ఏ ప్రోగ్రామ్‌లో చూపాలో చెప్పే పేజర్ వేరియబుల్ ఉండనే ఉంది.

గోదారి_గట్టు · సోమవారం ఉదయం 11:30

అసలు వాళ్లకి షెల్ ఎందుకు? ఏం పని చెయ్యాలి వాళ్లు?

కొత్త_అడ్మిన్ · సోమవారం మధ్యాహ్నం 12:15

అడిగి కనుక్కుని వచ్చాను. సపోర్ట్ వాళ్లు రోజూ కొన్ని రిపోర్ట్ క్వెరీలు నడిపి సీఎస్‌వీ తీసుకోవాలి. ఇప్పటిదాకా నేనే పోస్ట్‌గ్రెస్ యూజర్‌తో కాపీ కమాండ్ వాడి టెంప్ ఫోల్డర్‌లోకి తీసి ఇస్తున్నాను. ఎర్రర్ వచ్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ లాగ్ చూడాలి. ఏదైనా క్వెరీ ఇరుక్కుపోతే దాన్ని ఆపాలి. వెండార్ వాళ్లు నెలాఖరున మా సర్వర్‌లో ఉన్న ఒక స్క్రిప్ట్ నడిపి, అది అయిందో లేదో చూసుకోవాలి. అంతే.

సీతమ్మధార_డీబీఏ · సోమవారం మధ్యాహ్నం 1:40

భోజనం చేస్తూ చదివాను, ఇప్పుడు రాస్తున్నా. ఈ పనుల్లో వెండార్ స్క్రిప్ట్, లాగ్ తప్పిస్తే దేనికీ సర్వర్ షెల్ అక్కర్లేదు. మంచినీళ్లు అడిగినవాడికి వంటింటి తాళాలు ఇస్తున్నారు మీరు.

సీఎస్‌వీ సంగతి ముందు. మీరు వాడుతున్న కాపీ కమాండ్ సర్వర్ వైపు నడుస్తుంది, ఫైల్ సర్వర్‌లో పడుతుంది. అందుకే దాన్ని తెచ్చుకోవడానికి లాగిన్ కావాల్సి వస్తోంది. ముందు బ్యాక్‌స్లాష్ ఉన్న \కాపీ వేరు. అది క్లయింట్ వైపు నడుస్తుంది. యూజర్ తన ల్యాప్‌టాప్‌లో పీఎస్‌క్యూఎల్ తెరిచి \కాపీ కొడితే ఫైల్ నేరుగా తన ల్యాప్‌టాప్‌లోనే పడుతుంది. డీబీవర్ లాంటి టూల్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కినా అంతే. దీనికి ఏ ప్రత్యేక అధికారమూ అవసరం లేదు, టేబుల్ చదివే హక్కు ఉంటే చాలు.

సర్వర్ వైపు కాపీ కావాలని వాళ్లు పట్టుబడితే సూపర్‌యూజర్ మాత్రం ఇవ్వకండి. 9.3 వెర్షన్ నుంచి కాపీ కమాండ్‌కి ప్రోగ్రామ్ అనే రూపం ఉంది. సూపర్‌యూజర్ ఎవరైనా ఎస్‌క్యూఎల్ లోంచే సర్వర్ మీద ఓఎస్ కమాండ్ నడపొచ్చు, అది పోస్ట్‌గ్రెస్ ఓఎస్ యూజర్‌గా నడుస్తుంది. డేటా ఫైళ్లన్నీ ఆ యూజర్‌వే. 2019లో దీనికి భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2019-9193 అని నంబర్ కూడా ఇచ్చారు. పోస్ట్‌గ్రెస్ వాళ్లు మాత్రం ఇది లోపం కాదు, సూపర్‌యూజర్ అంటేనే అంత అధికారం అన్నారు. నా ఉద్దేశంలో వాళ్లు చెప్పిందే సబబు. షెల్ ఇవ్వకుండా సూపర్‌యూజర్ ఇస్తే షెల్ ఇచ్చినట్టే.

క్వెరీ ఆపడానికి పీజీ_సిగ్నల్_బ్యాకెండ్ రోల్ ఇవ్వండి, 9.6 నుంచి ఉంది. దానితో సూపర్‌యూజర్ సెషన్లను చంపలేరు, మంచిదే. ఎవరి క్వెరీ ఇరుక్కుందో కనబడాలంటే పీజీ_మానిటర్ కూడా కావాలి, లేకపోతే ఇతరుల క్వెరీ టెక్స్ట్ కనిపించదు.

చదవడానికి పీజీ_రీడ్_ఆల్_డేటా అని 14లో వచ్చింది. చాలామంది అదిచ్చి చేతులు దులిపేసుకుంటారు. అది పేరుకు తగ్గట్టే అన్ని టేబుళ్లూ చూపిస్తుంది, జీతాల టేబుల్ ఉంటే అది కూడా. రిపోర్టులకి వేరే స్కీమా పెట్టి, అందులో వ్యూలు రాసి వాటి మీద మాత్రమే సెలెక్ట్ ఇవ్వండి. కాస్త పని, కానీ ఒకసారే.

ఎర్రమంజిల్_లైనక్స్ · సోమవారం మధ్యాహ్నం 2:25

అందరూ ఆర్‌బ్యాష్‌ని తిట్టడమేనా! కొంచెం ఆగండి. పక్క సీట్లో కూర్చునే సపోర్ట్ కుర్రాడు జీటీఎఫ్‌ఓబిన్స్ చదివి వచ్చి సర్వర్ మీద దాడి చేస్తాడా? మనకి రోజూ ఎదురయ్యేది పొరపాటు. తప్పు ఫోల్డర్‌లో ఉండి ఫైళ్లు తుడిచెయ్యడం, ప్రొడక్షన్ అనుకోకుండా సర్వీస్ ఆపెయ్యడం. ఆ పొరపాట్లను ఆర్‌బ్యాష్ చక్కగా ఆపుతుంది. సీడీ లేదు, ఆర్‌ఎం లేదు, రీడైరెక్ట్ లేదు. దాన్ని గోడ అనుకుంటే తప్పు గానీ, కంచెగా పనికొస్తుంది. ప్రతిదాన్నీ హ్యాకర్ కళ్లతోనే చూస్తే ఆఫీసులో పని నడవదు.

గోదారి_గట్టు · సోమవారం మధ్యాహ్నం 2:41

ఆరుగురు సొంతవాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటా. ఆ ఇద్దరు వెండార్ మనుషులో? వాళ్ల ల్యాప్‌టాప్ ఎవరి చేతుల్లో ఉంటుందో, కీ ఎక్కడ కాపీ అవుతుందో మనకి తెలియదు. దాడి చేసేది ఆ మనిషే కానక్కర్లేదు, అతని కీ దొరికినవాడు చాలు.

పైగా ఇలాంటి ప్రత్యేక షెల్స్ చరిత్ర గొప్పగా ఏం లేదు. ఎల్‌షెల్ అని పైథాన్‌లో రాసినది ఉంది, 2016లో దాంట్లోంచి బయటపడే లోపాలు బయటపడ్డాయి. ఆర్‌ఎస్‌ఎస్‌హెచ్ అని ఫైల్ కాపీకి మాత్రమే అనుమతించేది ఉండేది. 2019లో దాంట్లో వరసగా లోపాలు కనబడ్డాయి, దాని రచయిత అప్పటికే వదిలేశాడు, డెబియన్ కూడా తీసేసింది. ఒక్కో దారీ వెతికి మూసుకుంటూ పోవడమే పనిగా తయారవుతుంది.

సీతమ్మధార_డీబీఏ · సోమవారం మధ్యాహ్నం 3:10

ఎర్రమంజిల్ గారూ, పొరపాట్ల గురించే మాట్లాడదాం. డేటాబేస్ సర్వర్‌లో అసలైన పొరపాటు ఆర్‌ఎం కాదు.

సర్వర్‌లోనే పీఎస్‌క్యూఎల్ తెరిచి ఒకాయన పెద్ద టేబుల్ మీద లిమిట్ లేకుండా సెలెక్ట్ స్టార్ కొట్టాడనుకోండి. పీఎస్‌క్యూఎల్ మామూలుగా ఫలితం మొత్తాన్నీ మెమరీలోకి తెచ్చుకున్నాకే చూపిస్తుంది. కోట్ల వరసలుంటే ఆ క్లయింటే సర్వర్ ర్యామ్‌ని మింగేస్తుంది. ర్యామ్ అయిపోగానే లైనక్స్ ఓఓఎమ్ కిల్లర్ లేచి ఎవర్నో ఒకర్ని చంపుతుంది. అది పోస్ట్‌గ్రెస్ బ్యాకెండ్ మీద పడితే, షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చన్న అనుమానంతో పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంపేసి రికవరీలోకి వెళ్తుంది. ఒక్క సెలెక్ట్‌కి సైట్ మొత్తం డౌన్. ఆ కుర్రాడు ఏ ఆంక్షనీ దాటలేదు, మీరిచ్చిన కమాండే వాడాడు. ఆర్‌బ్యాష్ దీన్ని చూస్తూ కూర్చుంటుంది.

అదే క్వెరీ తన ల్యాప్‌టాప్‌లో కొడితే నిండేది అతని ల్యాప్‌టాప్. సర్వర్‌లో షెల్ తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే సిస్టమ్‌డీలో ఆ యూజర్ స్లైస్‌కి (అతని ప్రాసెస్‌ల గుంపు) మెమరీ మాక్స్, సీపీయూ కోటా పెట్టండి. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ చెప్పినట్టు ఉన్నదానికి మించి మెమరీ హామీ ఇవ్వకుండా ఓవర్‌కమిట్ సెట్టింగ్‌ని 2 చెయ్యడం గురించీ ఆలోచించండి.

ఎర్రమంజిల్_లైనక్స్ · సోమవారం మధ్యాహ్నం 3:22

ఆ కోణం బాగుంది. స్లైస్ సంగతి మా దగ్గరా పెట్టిస్తా. ఆర్‌బ్యాష్ మాత్రం తీసెయ్యను 🙂

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్ · సోమవారం రాత్రి 9:05

ఇక్కడ ఇంకా పొద్దున్నే, కాఫీ తాగుతూ చూశాను. సపోర్ట్ వాళ్లకి షెల్ వద్దు, టన్నెల్ ఇవ్వండి. వాళ్ల ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పోస్ట్‌గ్రెస్ 5432 పోర్ట్ వరకూ మాత్రమే దారి. పోస్ట్‌గ్రెస్‌ని నెట్‌వర్క్‌కి తెరవాల్సిన పని కూడా ఉండదు, లోకల్‌హోస్ట్ మీదే వింటూ ఉంటుంది.

సపోర్ట్ వాళ్లందర్నీ ఒక గ్రూపులో పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్) కాన్ఫిగ్ చివర ఆ గ్రూపుకి మ్యాచ్ బ్లాక్ రాయండి. చివరే ఎందుకంటే, ఇంకో మ్యాచ్ వచ్చేదాకా దాని కింద ఉన్న ప్రతి లైనూ ఆ బ్లాక్‌కే చెందుతుంది. మధ్యలో రాస్తే మిగతా సెట్టింగులు తారుమారవుతాయి. అందులో టీటీవై (టెర్మినల్) వద్దు, ఎక్స్11 (గ్రాఫిక్స్) వద్దు, ఏజెంట్ ఫార్వర్డింగ్ వద్దు, టీసీపీ ఫార్వర్డింగ్ లోకల్ మాత్రమే, పర్మిట్ ఓపెన్‌లో లోకల్‌హోస్ట్ 5432 మాత్రమే. లాగిన్ షెల్ నోలాగిన్ (షెల్ ఇవ్వకుండా తిప్పి పంపేది).

నోలాగిన్ ఒక్కటే పెట్టి ఊరుకున్న సర్వర్లు చాలా చూశాను. షెల్ రాకపోయినా ఫార్వర్డింగ్ తెరిచే ఉంటుంది. హైఫన్, క్యాపిటల్ ఎన్ ఆప్షన్‌తో షెల్ అడక్కుండానే కనెక్ట్ అయ్యి, ఆ సర్వర్ నుంచి చేరుకోగల ఏ మెషీన్‌కైనా టన్నెల్ వేసుకోవచ్చు. అందుకే పర్మిట్ ఓపెన్ తప్పనిసరి. 2014లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.7 నుంచి యునిక్స్ సాకెట్లకీ (ఒకే మెషీన్ లోపలి కనెక్షన్లు) ఫార్వర్డింగ్ ఉంది, పర్మిట్ ఓపెన్ దాన్ని ఆపదు. స్ట్రీమ్ లోకల్ ఫార్వర్డింగ్ కూడా నో చెయ్యండి.

రీలోడ్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ టీతో కాన్ఫిగ్ చెక్ చేసుకోండి. ఇంకో విండోలో రూట్ సెషన్ తెరిచి ఉంచుకోండి, లేదంటే మీరే బయట ఉండిపోతారు.

కొత్త_అడ్మిన్ · మంగళవారం ఉదయం 11:50

టెస్ట్ సర్వర్‌లో పెట్టాను. నా దగ్గర పనిచేసింది. సపోర్ట్‌లో ఒకమ్మాయికి మాత్రం కనెక్షన్ మొదలై, వెంటనే "అడ్మినిస్ట్రేటివ్లీ ప్రొహిబిటెడ్, ఓపెన్ ఫెయిల్డ్" అని వస్తోంది. కీ సరిగ్గానే ఉంది, గ్రూపులోనూ ఉంది. ఎక్కడ పోయింది?

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్ · మంగళవారం మధ్యాహ్నం 12:04

(నిద్ర రావడం లేదు.) ఆవిడ టూల్‌లో డేటాబేస్ హోస్ట్ దగ్గర 127.0.0.1 అని ఉందేమో చూడండి. పర్మిట్ ఓపెన్‌లో మీరు లోకల్‌హోస్ట్ అని రాశారు. అది పేరుని ఐపీగా మార్చి పోల్చదు, అక్షరం అక్షరం సరిపోవాలి. రెండూ రాసెయ్యండి, మధ్యలో స్పేస్ ఇచ్చి.

కొత్త_అడ్మిన్ · మంగళవారం మధ్యాహ్నం 12:11

అదే! వచ్చేసింది. థాంక్స్ అన్నా.

ఆడిట్_అక్క · మంగళవారం మధ్యాహ్నం 12:45

ప్రొడక్షన్‌లో పెట్టే ముందు ఒక్క ఫైల్ తెరిచి చూడండి. పీజీ హెచ్‌బీఏలో (ఎవరు ఎలా లాగిన్ కావాలో చెప్పే పోస్ట్‌గ్రెస్ ఫైల్) 127.0.0.1 లైన్‌కి ట్రస్ట్ అని ఉందా?

ఉంటే మొత్తం కథ తలకిందులవుతుంది. టన్నెల్‌లో వచ్చేవాళ్లందరూ పోస్ట్‌గ్రెస్ కంటికి సర్వర్ లోపలినుంచే వచ్చినట్టు కనిపిస్తారు. ట్రస్ట్ ఉంటే యూజర్ పేరు పోస్ట్‌గ్రెస్ అని ఇచ్చి పాస్‌వర్డ్ లేకుండా సూపర్‌యూజర్‌గా దిగిపోవచ్చు. "లోకల్‌హోస్టే కదా" అని ఎప్పుడో ఎవరో సౌకర్యానికి పెట్టేసిన లైన్ అది, చాలాచోట్ల కనబడుతుంది. పాస్‌వర్డ్ అడిగే స్క్రామ్‌కి మార్చండి. దానికి పైన, పోస్ట్‌గ్రెస్ యూజర్ టీసీపీ ద్వారా రాకుండా రిజెక్ట్ లైన్ ఒకటి రాయండి. పైనుంచి కిందికి చదివి మొదట సరిపోయిన లైన్‌నే అది పాటిస్తుంది, కాబట్టి వరస ముఖ్యం. మీ అడ్మిన్ పనికి యునిక్స్ సాకెట్ మీద పీర్ (ఓఎస్ యూజర్ పేరు చూసి అనుమతించేది) ఎలాగూ ఉంటుంది.

ఇంకో విషయం కూడా దీన్నుంచే. డేటాబేస్ లాగ్‌లో అందరి ఐపీ 127.0.0.1 గానే పడుతుంది. అంటే ఎవరు ఏం చేశారో ఐపీతో తేలదు. సపోర్ట్ అని ఒకే డీబీ యూజర్ పెట్టి ఆరుగురూ వాడితే రేపు ఏదైనా జరిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. మనిషికో డీబీ రోల్, మనిషికో ఓఎస్ యూజర్, మనిషికో కీ. హక్కులు మాత్రం గ్రూప్ రోల్‌కి ఇచ్చి వీళ్లని అందులో చేర్చండి. ఏ కీతో వచ్చారో ఎస్‌ఎస్‌హెచ్ లాగ్‌లో ఫింగర్‌ప్రింట్ పడుతుంది, డేటాబేస్ వైపు లాగ్ కనెక్షన్స్ ఆన్ చెయ్యండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్స్ 180 రోజులు ఉంచాలి. లాగ్ రొటేషన్ వారం రోజులకి పెట్టి ఉంటే దాన్నీ చూసుకోండి.

కొత్త_అడ్మిన్ · మంగళవారం మధ్యాహ్నం 1:02

అక్కా, ట్రస్టే ఉంది 😐 నేను చేరకముందునుంచీ ఉన్న లైన్. ఇప్పుడే మార్చి, రీలోడ్ చేశాను. ఒక పాత క్రాన్ (వేళకి తనంతట నడిచే) స్క్రిప్ట్ పాస్‌వర్డ్ లేకుండా నడుస్తోంది, దానికి పాస్‌వర్డ్ ఉండే పీజీపాస్ ఫైల్ పెట్టి పర్మిషన్ 600 చేశాను.

మైఎస్‌క్యూఎల్_మావయ్య · మంగళవారం మధ్యాహ్నం 3:30

మధ్యలో దూరుతున్నా. మాది గుంటూరులో, మైఎస్‌క్యూఎల్. మాకూ ఇవే తిప్పలా?

పాత_టెర్మినల్ · మంగళవారం సాయంత్రం 4:10

పేర్లు మారతాయంతే మావయ్యా. ఆ క్లయింట్‌లోనూ \! ఉంది, సిస్టమ్ అనే కమాండ్ ఉంది, పేజర్ అనే కమాండ్‌కి ఏ ప్రోగ్రామైనా ఇవ్వొచ్చు, ఎడిట్ కూడా ఉంది. మరియాడీబీ క్లయింట్‌లో శాండ్‌బాక్స్ అనే ఆప్షన్ పెట్టారు, సిస్టమ్ లాంటివి అందులో నడవవు. వాళ్ల డంప్ ఫైళ్ల మొదటి లైన్లో ఇప్పుడు అదే పడుతోంది. దాన్ని మైఎస్‌క్యూఎల్‌లోకి ఎక్కించబోతే మొదటి లైన్ దగ్గరే ఎర్రర్ వచ్చి చాలామంది తలలు పట్టుకున్నారు.

సర్వర్ వైపు చూడాల్సింది ఫైల్ అనే ప్రివిలేజ్. అది ఉంటే సర్వర్‌లోని ఫైళ్లు చదవొచ్చు, కొత్తవి రాయొచ్చు. ఎవరికీ ఇవ్వకండి, సెక్యూర్ ఫైల్ ప్రివ్ అనే సెట్టింగ్ ఖాళీగా వదలకండి. టన్నెల్ సంగతి 5432 బదులు 3306, మిగతాదంతా ఒకటే.

కొత్త_అడ్మిన్ · బుధవారం ఉదయం 10:15

సపోర్ట్ టన్నెల్ ప్రొడక్షన్‌లో పెట్టేశాం. క్వెరీలు ఎక్కువసేపు నడవకుండా గ్రూప్ రోల్‌కి స్టేట్‌మెంట్ టైమౌట్ రెండు నిమిషాలు, రీడ్ ఓన్లీ ట్రాన్సాక్షన్ డిఫాల్ట్‌గా పెట్టాను. ఇక నిశ్చింతే కదా?

సీతమ్మధార_డీబీఏ · బుధవారం ఉదయం 10:38

రెండు చిక్కులు. గ్రూప్ రోల్ మీద పెట్టిన సెట్టింగ్ అందులోని సభ్యులకి రాదు. లాగిన్ అయిన రోల్ మీద ఉన్నదే లెక్క. ఆరుగురికీ విడివిడిగా పెట్టాలి.

రెండోది, అవి డిఫాల్ట్‌లు మాత్రమే. యూజర్ తన సెషన్‌లో సెట్ అని కొట్టి టైమౌట్ సున్నా చేసుకోవచ్చు, రీడ్ ఓన్లీ తీసెయ్యొచ్చు. రాయకుండా ఆపేది మీరిచ్చే హక్కులు, ఆ సెట్టింగ్ కాదు. పోస్ట్‌గ్రెస్ 15లో కొత్తగా చేసిన డేటాబేస్‌లకి పబ్లిక్ స్కీమాలో అందరూ టేబుల్ చేసుకునే హక్కు తీసేశారు. మీది పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయినదైతే ఆ హక్కు ఇంకా మిగిలే ఉంటుంది, చూసి రివోక్ చెయ్యండి. సెషన్‌లో మార్చుకోలేనిది ఏదైనా ఉందంటే అది రోల్‌కి పెట్టే కనెక్షన్ లిమిట్. మనిషికి మూడు చాలు.

ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ టైమౌట్ కూడా పెట్టండి. డీబీవర్‌లో ఆటో కమిట్ తీసేసి, క్వెరీ కొట్టి, టీ తాగడానికి వెళ్లిపోయేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ ట్రాన్సాక్షన్ తెరిచి ఉన్నంతసేపూ లాక్ వదలదు, కొన్నిసార్లు వ్యాక్యూమ్‌ని పాత వరసలు ఊడవనివ్వదు. వాళ్లు కావాలని దీన్ని మార్చరు, కాబట్టి ఇక్కడ డిఫాల్ట్ సరిపోతుంది. (ఎర్రమంజిల్ గారి కంచె ఇక్కడ పనికొచ్చింది.)

కొత్త_అడ్మిన్ · బుధవారం మధ్యాహ్నం 2:20

చేశాను. ఇప్పుడు వెండార్ స్క్రిప్ట్, లాగ్స్ మిగిలాయి. ఫోర్స్ కమాండ్‌తో (యూజర్ ఏమడిగినా మనం చెప్పిందే నడిపే సెట్టింగ్) ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టి, యూజర్ పంపిన కమాండ్ ఎస్‌ఎస్‌హెచ్ ఒరిజినల్ కమాండ్ అనే వేరియబుల్‌లో వస్తుంది కదా, అందులో "లోడ్" అనే మాట ఉంటే దాన్ని ఇవాల్‌తో కమాండ్‌గా నడిపిద్దామనుకుంటున్నా.

పాత_టెర్మినల్ · బుధవారం మధ్యాహ్నం 2:31

వద్దు! "లోడ్" అని రాసి, సెమీకోలన్ పెట్టి, పక్కన బ్యాష్ అని పంపితే? ఆ వేరియబుల్‌లో వచ్చేది బయటివాడు రాసిన మాట. దాన్ని ఎప్పుడూ నడపకండి, పోల్చి చూడటానికే వాడండి. సరిగ్గా "లోడ్" అని ఉంటే మీ స్క్రిప్ట్ మీరు రాసిన పూర్తి పాత్‌తో నడపాలి. సరిగ్గా "స్టేటస్" అని ఉంటే చివరి ఫలితం చూపించాలి. ఇంకేదొచ్చినా ఒక లైన్ లాగ్ చేసి బయటికి పంపెయ్యాలి. కేస్ స్టేట్‌మెంట్‌తో పది లైన్లు కూడా అవ్వదు.

వెండార్ కీ లైన్ ముందు రెస్ట్రిక్ట్ అని రాయండి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.2 నుంచి ఉంది. ఫార్వర్డింగ్, టీటీవై అన్నీ ఒక్క మాటతో పోతాయి. రేపు కొత్తగా ఏ సౌకర్యం చేర్చినా అది కూడా మూసే ఉంటుంది. వాళ్ల ఆఫీసు ఐపీ మారనిదైతే ఫ్రమ్ ఆప్షన్ కూడా.

ఆ స్క్రిప్ట్‌కి రూట్ అవసరమా? అవసరమైతే సుడోలో (రూట్‌గా నడపనిచ్చేది) ఆర్గ్యుమెంట్లతో సహా పూర్తిగా రాయండి, స్టార్ గుర్తు వాడకండి. సుడోలో స్టార్ స్పేస్‌కీ, స్లాష్‌కీ కూడా సరిపోతుంది, అనుకున్నదానికంటే చాలా తెరుచుకుంటుంది. "సర్వీస్ స్టేటస్ చూడటమే కదా" అని సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌ని సుడోలో ఇవ్వడం కూడా ప్రమాదమే. అది పొడవైన అవుట్‌పుట్‌ని లెస్‌లో చూపిస్తుంది, లెస్‌లోంచి ఆశ్చర్యార్థకంతో రూట్ షెల్. సిస్టమ్‌డీ 247 కంటే పాతవాటిలో ఇది సీవీఈ-2023-26604గా నమోదైంది. మీ ఉబుంటులో అంతకంటే కొత్తదే ఉంది, అయినా నో పేజర్ ఆప్షన్‌తోనే రాయండి.

ఆడిట్_అక్క · బుధవారం సాయంత్రం 5:15

లాగ్స్ గురించి. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ లాగ్ ఏడీఎమ్ గ్రూపుకి చదవడానికి వీలుంటుంది కదా అని సపోర్ట్ వాళ్లని ఆ గ్రూపులో చేర్చే ఆలోచన వస్తే మానుకోండి. దాంతో లాగిన్ వివరాలుండే ఆథ్ లాగ్‌తో సహా సిస్టమ్ లాగ్స్ చాలావరకు కనిపిస్తాయి.

అసలు పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో ఏముందో ముందు చూడండి. నెమ్మదిగా నడిచిన క్వెరీలు విలువలతో సహా పడుతుంటే, కస్టమర్ల ఫోన్ నంబర్లు, పాన్ నంబర్లు అందులో ఉంటాయి. మీరు వ్యూలు రాసి జాగ్రత్తగా దాచిన కాలమే లాగ్‌లో బయటపడుతుంది. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టం వచ్చాక ఇది సరదా విషయం కాదు. నేనైతే లాగ్స్‌ని వేరే సర్వర్‌కి పంపి, అక్కడ ఎర్రర్ లైన్లు మాత్రం సపోర్ట్‌కి చూపిస్తాను. ఎర్రర్ పక్కనే దానికి కారణమైన స్టేట్‌మెంట్ లైన్ పడుతుంది, దాన్నీ వడకట్టాలి.

కొత్త_అడ్మిన్ · శుక్రవారం సాయంత్రం 4:40

ఆఖరి సందేహం. సపోర్ట్‌లో ఒకరు వచ్చే వారం మానేస్తున్నారు. కీ తీసేస్తే సరిపోతుందా?

న్యూజెర్సీ_నైట్‌షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 8:30

కీ తీసేస్తే కొత్త లాగిన్ రాదు. అప్పటికే తెరిచి ఉన్న టన్నెల్ అలాగే ఉంటుంది, ల్యాప్‌టాప్ నిద్రపోయేదాకా. అతని యూజర్ పేరుతో ఉన్న ప్రాసెస్‌లు చంపండి. డేటాబేస్‌లో అతని రోల్‌కి నో లాగిన్ పెట్టి, పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో సెషన్లు కూడా తెంపండి. టన్నెల్ పోయినా మధ్యలో ఉన్న పెద్ద క్వెరీకి ఆ సంగతి వెంటనే తెలియదు, నడుస్తూనే ఉంటుంది.

కీలు యూజర్ హోమ్‌లో ఉన్నాయా? ఉంటే అక్కణ్నుంచి తీసి, రూట్ పేరు మీద ఈటీసీ కింద ఒక ఫోల్డర్‌లో మనిషికో ఫైల్‌గా పెట్టి, ఆథరైజ్డ్ కీస్ ఫైల్ సెట్టింగ్‌ని అటు తిప్పండి. అప్పుడు ఎవరూ తమ కీ పక్కన ఇంకో కీ చేర్చుకోలేరు.

కొత్త_అడ్మిన్ · శనివారం ఉదయం 11:10

కీలన్నీ ఈటీసీ కిందకి మార్చాను. వెండార్ ఇద్దరి కీలకి ఎక్స్‌పైరీ టైమ్ కూడా పెట్టాను, కాంట్రాక్ట్ ముగిసే తేదీకి అవే ఆగిపోతాయి. లాగ్స్‌కి వేరే సర్వర్ కావాలని సోమవారం మేనేజర్ గారిని అడుగుతాను. బడ్జెట్ లేదంటారు, తెలుసు. అప్పటిదాకా ఎర్రర్ కావాలంటే నాకే ఫోన్ చెయ్యమన్నాను.